డ్రై స్టౌట్ తాగితే నాలుక పిడచకట్టుకుపోయింది. బీరు పాడైందా, దాని రుచే అంతా?

లిఫీగట్టు
డబ్లిన్ వచ్చి ఏడు నెలలైంది. ఇన్నాళ్లూ ఆఫీసువాళ్లతో పబ్బుకెళ్లినప్పుడల్లా గిన్నెస్ తాగాను, స్టౌట్ అనే నల్ల బీరు. బాగా నచ్చింది, మీగడలా మెత్తగా దిగుతుంది. మొన్న శనివారం మా టీమ్‌లో ఒకతను "అది అందరూ తాగేదే, చిన్న బ్రూవరీవాళ్లది కూడా రుచి చూడు, చాక్లెట్‌లా ఉంటుంది" అని ఓహారాస్ ఐరిష్ స్టౌట్ కొనిపించాడు. డ్రై స్టౌట్ రకం, అర లీటరు సీసా, ఆల్కహాల్ 4.3 శాతం. కార్లో కౌంటీలో చేస్తారట.

ఇంటికొచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు తీసీ తీయగానే గ్లాసులో పోశాను. మొదటి గుక్కకే మొహం ముడుచుకుపోయింది. ముందు చేదు, దాని వెనకాలే కొంచెం పులుపు. మింగాక నాలుకంతా పిడచకట్టుకుపోయింది, పచ్చి ఉసిరికాయ కొరికినట్టు వగరు. తీపి జాడే లేదు. చూడ్డానికి తారులా నల్లగా ఉంది, నోట్లో మాత్రం నీళ్లలా పల్చన. సగం తాగి మిగతా సగం సింకులో పోసేశాను.

ఇంతకీ సీసా పాడైందా? లేక డ్రై స్టౌట్ అంటేనే ఇలా ఉంటుందా? ఇదే దాని రుచి అయితే, అందులో ఏముందని జనం అంత ఇష్టంగా తాగుతున్నారు?

నురగరాజు
సగం సింకులోనా! ఒక్క మాట చెప్పుంటే లూకన్ నుంచి బస్సెక్కి వచ్చేవాణ్ణి కదా తమ్ముడూ.

కార్క్‌లో_కోనసీమ
సీసాకి ఏం కాలేదు. చేదు, కాస్త పులుపు, చివర్లో వగరు, పల్చదనం: నువ్వు రాసినవన్నీ డ్రై స్టౌట్ లక్షణాలే. అసలు 'డ్రై' అన్న పేరే తీపి మిగలకుండా చేశారు కాబట్టి వచ్చింది. మీ టీమ్ అతను చాక్లెట్ అనకుండా ఉండాల్సింది. చాక్లెట్ వాసన వస్తుంది, తీపి రాదు. తీపి కోసం ఎదురుచూస్తున్న నాలుకకి చేదు తగిలితే రెట్టింపు చేదుగా ఉంటుంది.

ఒక్కచోట మాత్రం నువ్వు తొందరపడ్డావు. ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగకూడదు. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చలిలో వాసనలు పైకి లేవవు, చేదూ వగరూ మాత్రమే నాలుకకి తెలుస్తాయి. ఇరవై, పాతిక నిమిషాలు బల్ల మీద ఉంచి, పది డిగ్రీలకి వచ్చాక తాగు. ఇంకో సీసా కొను, నా మాట విను.

వగరుచింత
నేను ఒప్పుకోను. చల్లగా ఉన్నప్పుడే బాగాలేని బీరు చల్లదనం తగ్గాక బాగుంటుందా? హైదరాబాద్‌లో ఒక మైక్రోబ్రూవరీలో స్టౌట్ తాగాను. చిక్కగా, తియ్యగా, చాక్లెట్ పాలు తాగినట్టుంది. నా దృష్టిలో స్టౌట్ అంటే అది.

మాల్ట్‌మావయ్య
@వగరుచింత మీరు తాగింది మిల్క్ స్టౌట్ అయ్యుంటుంది. అందులో లాక్టోజ్ వేస్తారు, అంటే పాలచక్కెర. బీరు ఈస్ట్ ఆ చక్కెరని తినలేదు, అందుకే తీపి అలాగే నిలిచిపోతుంది. అదీ మంచి బీరే, కానీ దాన్ని పక్కన పెట్టుకుని డ్రై స్టౌట్‌కి మార్కులు వేయకూడదు. పాయసం బాగుంది కాబట్టి చారు బాగాలేదు అంటే ఎలా?

నేను టెక్సస్‌లో ఉంటాను, పదకొండేళ్లుగా గ్యారేజీలో బీరు కాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువసార్లు చేసింది డ్రై స్టౌటే. 19 లీటర్లకి నా కొలతలు ఇవీ: పేల్ మాల్ట్ రెండున్నర కిలోలు, ఫ్లేక్డ్ బార్లీ ముప్పావు కిలో, రోస్టెడ్ బార్లీ 400 గ్రాములు, గోల్డింగ్స్ రకం హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు), ఈస్ట్. అంతే. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ, మన రాగి మాల్ట్ లాంటిదే. ఫ్లేక్డ్ బార్లీ అంటే అటుకుల్లా నొక్కిన బార్లీ, నురగ నిలబడేది దానివల్ల. ఇక రోస్టెడ్ బార్లీ అసలు మొలకెత్తించరు, పచ్చి గింజనే కాఫీ గింజలా నల్లగా వేయిస్తారు. నలుపు, వగరు, ఆ మాడు వాసన, అన్నీ ఆ 400 గ్రాముల్లోంచే వస్తాయి. చేదు మాత్రం కొంత దానిది, కొంత హాప్స్‌ది.

ఈస్ట్ వేయకముందు సాంద్రత 1.041 ఉంటుంది, పులిశాక 1.010కి దిగుతుంది. మంచినీళ్లకి 1.000 అనుకుంటే, చక్కెరలో మూడొంతులు ఈస్ట్ తినేసిందని లెక్క. లిఫీగట్టు గారు 'నీళ్లలా పల్చన' అన్నది ఇందుకే. రంగు చిక్కగా ఉంది కదా అని బీరు చిక్కగా ఉండదు.

తాటితోపు
మాది నల్లగొండ. మావయ్య గారు చెప్పిన లెక్క మా ఊళ్లో ఏ గీత కార్మికుణ్ణి అడిగినా చెప్తాడు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటది. ఎండెక్కేకొద్దీ తీపి పోయి పులుపు, ఘాటు వస్తయి. పొంగు ఆ తీపిని తినేస్తది. సాయంత్రం కల్లు తాగి "తీపేది" అని అడిగితే ఏం చెప్తం? ఇదీ అంతే కదా.

మాల్ట్‌మావయ్య
@తాటితోపు అంతే. పదకొండేళ్లుగా మా ఫ్రెండ్స్‌కి ఇది అర్థమయ్యేలా చెప్పలేక తిప్పలు పడుతున్నాను, మీరు నాలుగు ముక్కల్లో తేల్చేశారు. ఒక్క తేడా ఉంది: కల్లులో పులుపు సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, స్టౌట్‌లో పులుపు ఎక్కువగా వేయించిన గింజది.

కాఫీగింజ
నేను బీరు తాగను. విశాఖలో కాఫీ రుచి చూసే పని చేస్తాను, అరకు గింజలు మా బల్ల మీదికి రోజూ వస్తాయి. వేయించిన గింజ అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మేము కాఫీని మరీ వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరుతున్నప్పుడు రెండుసార్లు, చల్లారాక ఒకసారి రుచి చూస్తాం. అదే కప్పు, నాలుగుసార్లూ నాలుగు రకాలుగా ఉంటుంది. కాబట్టి కార్క్ గారు చెప్పిన పాతిక నిమిషాలు ఉత్తమాట కాదు. ఇంకోటి, మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోకండి. చేదుకి నాలుక సర్దుకోవాలి. రెండో గుక్క నోట్లో నాలుగైదు సెకన్లు ఆపి, మింగేసి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. వాసన అప్పుడు తెలుస్తుంది. ఉసిరికాయ అన్నారుగా, ఉసిరికాయ తిన్నాక మంచినీళ్లు తాగితే తియ్యగా అనిపిస్తుంది కదా? ఆ బీరు మధ్యలో కూడా ఒక గుక్క నీళ్లు తాగి చూడండి.

నురగరాజు
బీరు తాగనావిడ బీరు తాగడం ఇంత బాగా నేర్పించారు. దండం అక్కా.

లిఫీగట్టు
అందరికీ థాంక్స్. ఒక డౌట్ మాత్రం తీరలేదు. గిన్నెస్ కూడా డ్రై స్టౌటే అంటున్నారు. అందులోనూ వేయించిన బార్లీయే. మరి అది మీగడలా ఉండి, ఇది గొంతులో గీసుకున్నట్టు ఎందుకుంది?

కార్క్‌లో_కోనసీమ
గ్యాస్ తేడా. పబ్బులో ట్యాప్ నుంచి గిన్నెస్‌ని తోసే గ్యాస్‌లో మూడొంతులు నైట్రోజన్, ఒక వంతు కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. నైట్రోజన్ బీరులో దాదాపు కరగదు, అందుకని సన్నటి బుడగలుగా విడిపోయి ఆ మీగడ కడుతుంది. పైగా దానికి పులుపు లేదు. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగితే కాస్త ఆమ్లం అవుతుంది, సోడా నాలుక మీద చురుక్కుమనేది అందుకే. నువ్వు కొన్న సీసాలో ఉన్నది ఆ గ్యాసే. గింజ పులుపుకి గ్యాస్ చురుకు తోడైంది.

గిన్నెస్‌లో నైట్రోజన్ మొదలైంది 1959లో. కంపెనీ 1759లో పెట్టారు, అంటే సరిగ్గా రెండు వందల ఏళ్లకి. దీన్ని సాధించిన మైఖేల్ ఆష్ గణితం చదివిన మనిషి. అంతకుముందు రెండు వందల ఏళ్లూ ఎవరూ ఈ నైట్రోజన్ స్టౌట్ తాగలేదు. ఆ లెక్కన నువ్వు సింకులో పోసిందే పాత పద్ధతికి దగ్గర.

స్టాట్స్_టీచర్
గణితం మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. డిగ్రీ స్టాటిస్టిక్స్‌లో చదివే 'స్టూడెంట్స్ టి టెస్ట్' అనే లెక్క పద్ధతి పుట్టింది కూడా గిన్నెస్‌లోనే. విలియం సీలీ గాసెట్ అక్కడి ఉద్యోగి. బార్లీ, హాప్స్ శాంపిళ్లు కొన్నే ఉన్నప్పుడు వాటిని నమ్మొచ్చా లేదా అన్నది ఆయన సమస్య. ఉద్యోగులు సొంత పేరుతో వ్యాసాలు వేయకూడదని కంపెనీ నియమం, అందుకే 1908లో 'స్టూడెంట్' అన్న పేరుతో వేశారు. నా క్లాసులో ఇది చెప్పిన రోజున వెనక బెంచీలు కూడా పాఠం వింటాయి.

వగరుచింత
గణితం బాగుంది సార్. కానీ పాత పద్ధతి అయినంత మాత్రాన రుచి వచ్చేయదు కదా. నైట్రోజన్ వల్లే కదా ఆ గరుకు పోయింది?

కార్క్‌లో_కోనసీమ
@వగరుచింత న్యాయమైన ప్రశ్న. నా అనుభవం చెప్తాను. నైట్రోజన్ గరుకుతో పాటు వాసనని కూడా కొంత మింగేస్తుంది. పైన మీగడ మూతలా కూర్చుంటుంది కదా. సీసా స్టౌట్‌లో మాడు వాసన, కాఫీ వాసన ఎదురొచ్చి తగులుతాయి. ఇక్కడ కార్క్‌లో మర్ఫీస్, బీమిష్ అని రెండు స్టౌట్‌లు ఉన్నాయి. మర్ఫీస్ మెత్తన, బీమిష్ కొంచెం చేదు. బీమిష్ అండ్ క్రాఫర్డ్ 1792లో పెట్టినది, 2009లో ఆ బ్రూవరీ మూసేసి ఇప్పుడు మర్ఫీస్ వాళ్ల దగ్గరే కాస్తున్నారు. ఆ పాత భవనం ముందు నుంచి నడిచినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది. మనూళ్లో బెల్లం గానుగ మూతపడితే ఆ వీధికి వాసన పోయినట్టు.

నైట్‌షిఫ్ట్
నాదీ ఒక కేసు. పోయిన నెల ఒక పబ్బులో ఏదో చిన్న బ్రూవరీ స్టౌట్ ట్యాప్ నుంచి తీసుకున్నా. వెన్న కాచిన వాసన, సినిమా హాల్లో పాప్‌కార్న్ వాసన. వెనకాల వెనిగర్ పులుపు. స్టౌట్ అంటే ఇంతే అనుకుని మొత్తం తాగేశా. అదీ సహజమేనా?

మాల్ట్‌మావయ్య
@నైట్‌షిఫ్ట్ కాదు. డ్రై స్టౌట్‌లో వెన్న వాసన రాకూడదు. దాన్ని డైఅసిటైల్ అంటారు. సరిగా పులియనివ్వకపోయినా వస్తుంది, ట్యాప్ గొట్టాలు కడగకపోతే బాక్టీరియా చేరినా వస్తుంది. వెనిగర్ కూడా ఉందంటే నా అనుమానం గొట్టాల మీదే. గింజ పులుపు నిమ్మతొక్కలా, బ్లాక్ కాఫీలా శుభ్రంగా ఉంటుంది. ముక్కుకి ఘాటుగా ఎక్కితే అది చెడిన పులుపు. ఇంకోసారి అలా ఉంటే మొహమాటపడకుండా గ్లాసు వెనక్కి ఇచ్చేయండి, మంచి పబ్బువాళ్లు మారు మాట లేకుండా మారుస్తారు.

గాల్వే_నర్సు
మా వార్డులో పెద్దాయనలు "బలానికి స్టౌట్ రాయమ్మా" అని అడుగుతుంటారు. 1929 నుంచి 'గిన్నెస్ ఒంటికి మంచిది' అని వేసిన ప్రకటనల ప్రభావం ఇంకా పోలేదు. నల్లగా ఉంది కాబట్టి ఐరన్ ఉంటుందనుకుంటారు. ఒక పైంట్‌లో 0.3 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, ఏ మూలకీ రాదు. మన తెలుగు ఇళ్లలో కూడా బాలింతలకి మంచిదట అని ఎవరో ఒకరు అడుగుతున్నారు. వద్దు. బాలింతకి మునగాకు పప్పు పెట్టండి. స్టౌట్ రుచి కోసం తాగేవాళ్లు తాగండి, బలం కోసం వద్దు.

పకోడీపొట్లం
అందరూ చదువు చెప్తున్నారు, పక్కన ఏం తినాలో ఒక్కరూ చెప్పట్లేదు.

కార్క్‌లో_కోనసీమ
ఐర్లండ్‌లో అయితే ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పలు, ఉప్పటి సముద్రం రుచి, దాని మీద స్టౌట్. డబ్లిన్‌లో పోర్టర్‌హౌస్ వాళ్లు ఆయిస్టర్లు వేసి స్టౌట్ చేస్తారు కూడా. మనింట్లో అయితే రొయ్యల వేపుడు, కారం తక్కువగా. కారానికీ చేదుకీ పడదు, ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. నేను గోంగూర మటన్‌తో ఒకసారి తాగి పొరపాటు చేశాను, రెండు పులుపులు కొట్టుకున్నాయి.

తాటితోపు
బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు పెట్టుకోండి. మాడు వాసనకి మాడు వాసన.

పకోడీపొట్లం
@తాటితోపు ఇది అర్జెంటుగా చేసి చూడాలి.

లిఫీగట్టు
రెండో సీసా తాగాను. వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

గురువారం ఆఫీసులో లేటైంది. ఇక్కడ రాత్రి 10 దాటితే షాపులో మందు అమ్మరు. 9.50కి పరుగెత్తుకుంటూ వెళ్లి అదే ఓహారాస్ రెండు తెచ్చాను. శుక్రవారం సాయంత్రం ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసి పాతిక నిమిషాలు కిటికీ దగ్గర పెట్టాను. గ్లాసు వంచి మెల్లగా పోశాను. నురగ తెల్లగా లేదు, కాఫీ మీద తేలే నురగ రంగు. తారు నలుపు అని రాశాను కదా, తప్పు. గ్లాసు ఎత్తి ట్యూబ్‌లైట్‌కి పెడితే అడుగున, అంచుల్లో మాణిక్యం ఎరుపు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

మొదటి గుక్క లెక్కపెట్టలేదు, కాఫీగింజ గారి మాట. రెండోది నోట్లో ఆపి, మింగి, ముక్కుతో గాలి వదిలాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద పాలు కాచేది. పాలు అడుగంటితే గిన్నెని గరిటెతో గీకి ఆ మాడు మాకు పెట్టేది. సరిగ్గా ఆ వాసన. దాని వెనక డికాక్షన్ అడుగున మిగిలిన పొడి వాసన. మూడో గుక్కకి పల్లీలు వేయించినట్టు. పులుపు పోలేదు, ఉంది. కానీ ఈసారి అది తప్పులా అనిపించలేదు, ఆ పులుపు లేకపోతే చేదు నాలుక మీద అలాగే కూర్చుండిపోయేదేమో. నీళ్లు కూడా తాగి చూశాను. ఉసిరికాయ అంత తీపి రాలేదు గానీ, తర్వాతి గుక్క కొత్తగా మొదలైనట్టుంది.

వగరు చివరిదాకా ఉంది. అది నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు, ఉన్నమాట చెప్పాలి. కానీ గ్లాసు ఖాళీ అయింది, నలభై నిమిషాలు పట్టింది. పొట్ట బరువుగా లేదు. సింకులోకి చుక్క పోలేదు.

కాఫీగింజ
పాలమాడు! ఇరవై రకాల వాసనల పేర్లున్న చార్టు మా గోడ మీద ఉంది, అందులో ఇది లేదు. సోమవారం వెళ్లగానే పెన్నుతో రాస్తాను.

వగరుచింత
నేను ఇప్పటికీ తీపి పార్టీయే. కానీ పాలమాడు అన్నాక నోరూరింది. హైదరాబాద్‌లో డ్రై స్టౌట్ దొరికితే అదే పాతిక నిమిషాల పద్ధతిలో ఒకసారి చూస్తాను.

మాల్ట్‌మావయ్య
@లిఫీగట్టు ఆ వగరు ఇంకా తగ్గినది కావాలంటే ఒక చిట్కా. రోస్టెడ్ బార్లీని మిగతా గింజలతో పాటు గంటసేపు వేడినీళ్లలో నాననివ్వకుండా, చివరి పది, పదిహేను నిమిషాల్లో వేస్తే రంగు దిగుతుంది, వగరు తక్కువ దిగుతుంది. టీ పొడి ఎక్కువసేపు మరిగితే వగరెక్కినట్టే ఇదీ. నేను రెండు రకాలూ చేశాను. వగరు తగ్గిన స్టౌట్ ఎక్కువమందికి నచ్చింది, నాకు మాత్రం ఏదో పోయినట్టు అనిపించి మళ్లీ పాత పద్ధతికే వచ్చాను.

లిఫీగట్టు
మావయ్యా, నేను వండేంత దూరం ఇంకా రాలేదు. ఇంకో పని మీద అడుగుతున్నా. దసరాకి ఇంటికి వెళ్తున్నాను. మా నాన్న నలభై ఏళ్లుగా ఫిల్టర్ కాఫీ చక్కెర లేకుండా తాగే మనిషి, అప్పుడప్పుడూ ఒక బీరు తాగుతారు. ఆయనకి ఇది నచ్చుతుందనిపిస్తోంది. ఎన్ని సీసాలు తీసుకెళ్లొచ్చు?

నైట్‌షిఫ్ట్
ఇండియాకి మనిషికి రెండు లీటర్ల వరకు డ్యూటీ లేదు. అర లీటరు సీసాలు నాలుగు. చెక్‌-ఇన్ బ్యాగులో పెట్టు, ఒక్కోటి జీన్స్ ప్యాంటు కాలులో దూర్చి చుట్టు. నేను అలాగే తీసుకెళ్లాను, ఒక్కటీ పగల్లేదు.

కార్క్‌లో_కోనసీమ
వెళ్లాక ఒక రోజు నిలబెట్టి ఉంచు, కుదుపుకి నురగంతా పొంగుతుంది. అక్కడి ఎండకి పాతిక నిమిషాలు అక్కర్లేదు, పది చాలు. నాన్నగారికి ముందు చాక్లెట్ అని మాత్రం చెప్పకు.

లిఫీగట్టు
చెప్పను అన్నా. పాలమాడు అని చెప్తాను, ఆయన కూడా ఆ గిన్నె గీకి తిన్నవాడే.